అన్నం పంచేవాళ్లకి ‘ట్రామా’ ట్రైనింగ్ అట, మన బెజవాడలో ఎలా పెడితే పనికొస్తుంది?

పటమట_పద్మజ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చిన్న గుంపు. పాతికమందిమి, అందులో సగం కాలేజీ పిల్లలు. ఆదివారాలు రైల్వేస్టేషన్ దగ్గరా కృష్ణలంక కట్ట పక్కనా వండిన అన్నం పంచుతాం. నెలకోసారి కొన్ని ఇళ్లకి సరుకుల సంచులు ఇస్తాం. (మా వాలంటీర్లు అప్పట్లో ఇంటింటికీ పెన్షన్ ఇచ్చిన సచివాలయం వాలంటీర్లు కాదు. ముందే చెప్పకపోతే ఇక్కడ కూడా పెన్షన్ సంగతి అడుగుతారు.)

మొన్న ఆదివారం ఒక పెద్దాయన పొట్లం తీసుకుని, పక్కకెళ్లి తువ్వాలు తలకి చుట్టుకుని మళ్లీ లైన్లోకొచ్చాడు. మా అమ్మాయి ఒకతి గుర్తుపట్టి "ఇందాకే తీసుకున్నావుగా తాతా, సిగ్గు లేదా" అనేసింది. అందరి ముందూ. ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు. సంచిలోంచి మొదటి పొట్లం కూడా తీసి మా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల చెడ్డది కాదు. పొద్దున 6 గంటల నుంచీ ఎండలో నిలబడే ఉంది. సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంది.

అమెరికాలో ఫుడ్ బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకి ‘ట్రామా ఇన్ఫార్మ్‌డ్’ ట్రైనింగ్ అని ఇస్తారట. వచ్చినవాడు అంతకుముందు ఏం దెబ్బలు తిని వచ్చాడో మనకి తెలియదు కాబట్టి, మన పద్ధతి వల్ల అవి మళ్లీ రేగకుండా చూసుకోవడం. చదివాను, బాగానే ఉంది. కానీ ఆ స్లైడ్లు మా వాళ్లకి వేస్తే రెండో స్లైడుకే కునికిపాట్లు పడతారు. ఒక పూట టైముంది. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

బెజవాడ_బాబాయ్ · సోమవారం రాత్రి 10:15

అమ్మా పద్మజా, మనకి ట్రామా అంటే యాక్సిడెంట్ కేసు. 108లో వేసుకుని ట్రామా కేర్‌కి తీసుకెళ్తారు. పులిహోర పొట్లానికి ట్రామా ఏమిటి?

నేను 22 ఏళ్లు రేషన్ డిపో నడిపినవాణ్ణి. జనాన్ని చూశాను. రెండుసార్లు తీసుకునేవాడు ఎప్పుడూ ఉంటాడు. మీ అమ్మాయి మాట తూలింది, నిజమే, పిలిచి ఒక మాట చెబితే సరిపోతుంది. ఆకలేసినవాడికి అన్నం పెట్టడానికి కూడా సర్టిఫికెట్ కావాలంటే ఎలా? డొక్కా సీతమ్మ గారికి ఎవరిచ్చారు ట్రైనింగు?

మస్తాన్_మాస్టర్_కొత్తపేట · సోమవారం రాత్రి 10:31

బాబాయ్ గారూ, సీతమ్మ గారు ఇంటికొచ్చినవాళ్లని కూర్చోబెట్టి వడ్డించారు. టోకెనిచ్చి ఎండలో నిలబెట్టలేదు కదండీ 🙂

గుంటూరు నుంచి. బిర్యానీ మాస్టర్ని. రేపు వివరంగా రాస్తాను, ఇప్పుడు దమ్ మీద ఉంది.

నిద్రలేని_నర్సు · మంగళవారం తెల్లవారుజాము 2:50

నైట్ డ్యూటీ. గుంటూరులో మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను.

బాబాయ్ గారు అన్నది కొట్టిపారేసే మాట కాదు. ‘ట్రామా’ అనే మాటే వాడకండి పద్మజ గారూ. మనవాళ్లు "హడలిపోయి ఉన్నాడు", "ఇంకా తేరుకోలేదు" అంటారు, అదే సంగతి. ప్రాణం మీదికి వచ్చిందో, పరువు పోయిందో, చిన్నప్పుడు రోజూ దెబ్బలు తిన్నాడో, ఒళ్లు ఆ సంగతిని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత గట్టిగా ఒక అరుపు వినపడినా, వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యేసినా లోపల గంట మోగుతుంది. అప్పుడు మనిషి మూడు పనుల్లో ఒకటి చేస్తాడు. తిరగబడతాడు, పారిపోతాడు, లేదా కొయ్యబారిపోతాడు. మీ తాత ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడన్నారే, అది పొగరూ కాదు, తప్పు ఒప్పుకోవడమూ కాదు.

ఆకలి సంగతి వేరే చెప్పాలి. 1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు, తమంతట తాము ఒప్పుకుని వచ్చినవాళ్లు. 24 వారాల పాటు సగం తిండే పెట్టారు. యుద్ధానికి మేం వెళ్లం అని నిలబడ్డ శాంతమూర్తులు వాళ్లు. చివరికి పళ్లేలు నాకారు, చిన్న మాటకి చిర్రుబుర్రులాడారు, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. పగలంతా తిండి తప్ప వేరే ధ్యాస లేదు. అంటే దాచుకోవడం, కసరడం, లైన్లో తోసుకోవడం మనిషి గుణం కాదు, కడుపు చేసే పని. వాళ్లని అంతకుముందు ఎవరూ అవమానించలేదు కూడా. మన దగ్గరికొచ్చేవాళ్లకి ఆకలితో పాటు ఎన్నేళ్ల చీదరింపులో ఉంటాయి.

2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్‌సా దీన్ని నాలుగు ముక్కల్లో చెప్పింది: ఇలాంటి దెబ్బ ఎంతమందికి ఉంటుందో తెలుసుకో, ఆనవాళ్లు గుర్తుపట్టు, నీ పద్ధతి మార్చుకో, పాత గాయాన్ని మళ్లీ కెలక్కు. ఆ నాలుగోది ఒక్కటి మీ పిల్లలకి ఎక్కితే చాలు.

ఫైనలియర్_ఫణి · మంగళవారం ఉదయం 8:05

నేను పద్మజక్క గుంపే. ఆ రోజు అక్కడే ఉన్నా. నిజం చెప్పాలంటే నేను ఫోటోలు తీస్తున్నా.

నర్సు గారు చెప్పింది చదివాక ఒక డౌట్. లైన్లో ఉన్నవాళ్లతో కాస్త మాట కలిపి "ఏం జరిగింది, ఎందుకిలా అయ్యారు" అని అడిగి, మేమే కొంచెం కౌన్సెలింగ్ కూడా చేస్తే బాగుంటుందా? యూట్యూబ్‌లో నేర్చుకోవచ్చు కదా.

నిద్రలేని_నర్సు · మంగళవారం ఉదయం 8:20

వద్దు తమ్ముడూ. దండం పెడతాను, వద్దు. పొట్లం చేతిలో పెట్టి కథ అడిగితే అది వెల అడిగినట్టు. పైగా, అంతా కక్కించేస్తే మనసు తేలికవుతుందని మన సినిమాలు చెబుతాయి గానీ, తయారుగా లేని మనిషిని బలవంతంగా చెప్పించడం మంచిది కాదనే మానసిక ప్రథమ చికిత్స నేర్పేవాళ్లంతా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన గైడ్‌లో మూడే పనులు: చూడు, విను, కలుపు. తనంతట తాను చెబితే విను. డాక్టరు కావాలంటే డాక్టరుతో, ఫోన్ కావాలంటే ఫోన్‌తో కలుపు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలి మానస్ ఉంది, నంబర్ 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఒంటరిగా పిల్లాడు కనిపిస్తే 1098, ఆడవాళ్లకి 181. ఈ మూడూ చీటీ మీద రాసి టేబుల్ కింద అంటించుకోండి. మీ పని అక్కడితో ఆఖరు.

సింగ్‌నగర్_సుజాత · మంగళవారం మధ్యాహ్నం 3:12

రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను.

మాది పాయకాపురం వైపు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. లేచేసరికి గుమ్మంలో నీళ్లు, గంటలో మంచం మునిగింది. బుడమేరు అంటే మాకు మురికికాలవే, అది ఇంట్లోకొస్తుందని ఎవరనుకుంటారు. పైవాటా వాళ్ల మేడ మీద 14 మందిమి ఉన్నాం. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. చుట్టూ అన్ని నీళ్లు.

మూడో రోజు పడవ వచ్చింది. వాళ్లు దేవుళ్లు, ప్రాణాలకి తెగించి వచ్చారు, అది ఎప్పుడూ అంటాను. కానీ పొట్లాలు పైకి విసిరారు. సగం నీళ్లలో పడ్డాయి. మా అత్తగారు మేడ అంచున వంగి చెయ్యి చాపింది. ఆవిడ జన్మలో ఎవరి దగ్గరా చెయ్యి చాపిన మనిషి కాదు. కింద నుంచి ఒకతను "ఏయ్ ముసలమ్మా, ఎంతమందికి చెబుతావు, నువ్వు జరుగు" అన్నాడు. మూడు రోజుల్లో మేము ‘మీరు’ లోంచి ‘నువ్వు’లోకి దిగిపోయాం. నీళ్లు దిగాక బురద కడుక్కున్నాం, ఫ్రిజ్ పోయింది, పిల్లల పుస్తకాలు పోయాయి. అవన్నీ ఇప్పుడెవరూ ఎత్తరు. ఆ ‘నువ్వు’ సంగతి మాత్రం మా అత్తగారు ఇప్పటికీ ఎత్తుతుంది.

నాలుగో రోజు ఇంకో పడవ. అందులో ఒక కుర్రాడు "అమ్మా, ఎంతమంది ఉన్నారు? పసిపిల్లలున్నారా? నీళ్లు ముందు కావాలా, పాలు ముందు కావాలా?" అని అడిగాడు. తాడు కట్టి బకెట్ దించమన్నాడు. పదార్థం అదే, చల్లారిపోయిన పులిహోరే. కానీ ఆ రోజు మా అత్తగారు అన్నం తిన్నది.

ఇప్పటికీ మా అటక మీద 10 కేజీల బియ్యం, రెండు డబ్బాల బిస్కెట్లు ఉంటాయి. పురుగు పడితే పారేసి మళ్లీ కొంటాను. మా ఆయన నవ్వుతారు. అందుకే రెండో పొట్లం దాచుకున్న ఆ తాతని నేనేమీ అనలేను.

మోడరేటర్ · మంగళవారం సాయంత్రం 5:00

బుడమేరు గండ్లు ఎవరి హయాంలో పూడ్చలేదు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఎవరేం చేశారు అన్న 9 కామెంట్లు తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ అన్నం సంగతి మాట్లాడండి.

మస్తాన్_మాస్టర్_కొత్తపేట · మంగళవారం రాత్రి 11:20

సుజాతక్కా, మీ అత్తగారికి నా సలాం చెప్పండి.

నేను సైకాలజీ చదవలేదు, గిన్నె భాష చెబుతా. రంజాన్‌లో ఇఫ్తారుకి, మిగతా రోజుల్లో ఎవరైనా డబ్బిచ్చి వండించుకున్నప్పుడు నేనే దగ్గరుండి పెడతాను. లైన్లో గొడవ ఆకలి వల్ల రాదు పద్మజ గారూ. ‘నా దాకా వచ్చేసరికి అయిపోతుందేమో’ అన్న భయంతో వస్తుంది. మొదటి 50 మందీ బుద్ధిగా ఉంటారు. గిన్నె అడుగున గరిటె చప్పుడు వినపడిందా, వెనకాల తోపులాట మొదలు. ఆ చప్పుడు అందరికీ తెలుసు.

అందుకే నేను గిన్నెలు ఎప్పుడూ కనపడేట్టు పెడతాను. ఖాళీ గిన్నె వెంటనే తీసేయిస్తాను. మొదలుపెట్టే ముందే తిరిగి తిరిగి చెబుతాను, "ఇవాళ 150 మందికి ఉంది, టోకెన్ ఉన్న ప్రతి ఒక్కరికీ వస్తుంది, తోసుకోవద్దు". 151వ మనిషికి ముందే చెప్పేస్తాను, "అన్నా, ఇవాళ కుదరలేదు, బిస్కెట్లూ అరటిపండూ ఉన్నాయి, తీసుకెళ్లండి". రెండు గంటలు నిలబెట్టి చివర్లో చేతులు తిప్పేస్తే, వాడు తిట్టిన తిట్టు న్యాయమే.

మంచినీళ్లు ముందు ఇవ్వండి, లైన్లో ఉండగానే. వీలైతే కుర్చీలు. షామియానా వాళ్ల దగ్గర విరిగిన కుర్చీలు కూడా అద్దెకి తక్కువకి వస్తాయి, కూర్చోడానికి కాదనుకోండి, వరస గుర్తుకి 😄 ఇంకోటి, గుడ్డు పెడుతుంటే "గుడ్డు వెయ్యనా?" అని అడగండి. వద్దనేవాడు వందలో ఇద్దరుంటారు. కానీ ఆ అడిగినప్పుడు వందమందీ తలెత్తి మన ముఖం చూస్తారు.

బెజవాడ_బాబాయ్ · బుధవారం ఉదయం 6:45

సుజాతమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను.

మస్తాన్ చెప్పినవన్నీ బాగున్నాయి, అవి పనిమంతుడి మాటలు. కానీ ఒక సంగతి ఎవరూ ఒప్పుకోవడం లేదు. మోసం చేసేవాళ్లు ఉంటారు. కోటా బియ్యం డిపో దగ్గరే కొనేసే బ్యాచి ఉంటుంది, మీకందరికీ తెలుసు. ఇద్దరికీ ఒకే దయ చూపిస్తే, నిజంగా లేనివాడికి మిగలదు. దొంగ ఎవడో, భయపడినవాడు ఎవడో నేను ముఖం చూసి చెప్పగలను.

నిద్రలేని_నర్సు · బుధవారం ఉదయం 7:30

చెప్పలేరు బాబాయ్ గారూ. నేనూ చెప్పలేను, 11 ఏళ్లుగా ఇదే పని. భయపడ్డవాడి ముఖం, దొంగ ముఖం చాలాసార్లు ఒకేలా ఉంటాయి. కళ్లలోకి చూడడు, తడబడతాడు, తొందరపడతాడు.

బెజవాడ_బాబాయ్ · బుధవారం ఉదయం 9:10

సరే, ఇది చెప్పాలి. డిపోలో వేలిముద్ర మిషన్లు వచ్చిన కొత్తల్లో ఒకావిడ ఉండేది. అంట్లు తోమే పని. వేళ్లు అరిగిపోయి ముద్ర పడేది కాదు. మూడుసార్లు పెట్టించి, నాలుగోసారి గుడ్డతో తుడిచి పెట్టించి, పడకపోతే రేపు రమ్మనేవాణ్ణి. ఆవిడ అమ్మనాబూతులు తిట్టేది. నోరు మంచిది కాదు అని డిపోలో పేరు పడిపోయింది. మేమే ‘నోటిదూల’ అని పేరు పెట్టాం. నవ్వుకునేవాళ్లం.

వరస మధ్యలో నలుగురూ చూస్తుండగా ‘నువ్వు నువ్వు కాదు’ అని మిషను చెబితే ఎలా ఉంటుందో నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. పక్కన స్టూలేసి కూర్చోబెట్టి, రద్దీ తగ్గాక పిలవచ్చు. స్టూలు ఉండేది కూడా. దాని మీద నా టిఫిన్ క్యారేజీ పెట్టుకునేవాణ్ణి.

దొంగల సంగతి మాత్రం నేను వదలను.

దివిసీమ_తాత · బుధవారం ఉదయం 11:00

1977 నవంబర్ 19 ఉప్పెననాటికి నాకు 14 ఏళ్లు. మాది కోడూరు పక్క. తర్వాత బియ్యం, బట్టలు పంచారు. మా నాన్న ఏ వరసలోనూ నిలబడలేదు. నన్ను పంపేవాడు. రెండెకరాల రైతు. నేను తెచ్చిన బియ్యం వండితే తినేవాడు గానీ, ఎక్కడ తెచ్చావని ఎప్పుడూ అడగలేదు.

మీ లైన్లోకి పిల్లలు ఒంటరిగా వస్తే, "మీ నాన్న రాడేం?" అని అడక్కండి.

ఫైనలియర్_ఫణి · బుధవారం మధ్యాహ్నం 1:40

ఫోటోల సంగతి మాట్లాడాలి. తీయకూడదని నాకూ అర్థమైంది. కానీ మా డబ్బులన్నీ పుట్టినరోజులవీ పెళ్లిరోజులవీ. 5 వేలు ఇచ్చినాయన వాళ్ల పాపతో వచ్చి, స్వయంగా పొట్లం ఇస్తూ ఫోటో దిగుతానంటాడు. ఒకాయనకి వెలుతురు సరిగ్గా పడలేదని అదే ముసలావిణ్ణి మూడుసార్లు పొట్లం అందుకోమన్నాడు. తీసింది నేనే. వద్దంటే వచ్చే నెల ఇవ్వరు. ఏం చేయాలి?

ఇంకోటి, నాకు ఈ మధ్య రాత్రిళ్లు చేతులే కనిపిస్తున్నాయి కలలో. బోల్డు చేతులు, నా దగ్గర పొట్లాలుండవు. ఇది మామూలేనా?

సింగ్‌నగర్_సుజాత · బుధవారం మధ్యాహ్నం 2:05

ఫణీ, మా అత్తగారి ఫోటో అప్పట్లో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి చూసి ఫోన్ చేసింది. ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

కూర తరిగేది తీయండి, గిన్నెలు తీయండి, సరుకుల బిల్లు తీయండి. పుట్టినరోజు పాప ఉల్లిపాయలు ఒలుస్తుంటే తీయండి, ఎంత ముద్దుగా ఉంటుంది. లైన్లో ఉన్నవాళ్లని వద్దు.

నిద్రలేని_నర్సు · బుధవారం రాత్రి 9:30

ఫణి తమ్ముడూ, ఆ కలలు నీ ఒక్కడికే కాదు. ఎదుటివాళ్ల బాధ రోజూ మొయ్యగా మొయ్యగా మోసేవాడి మీదా పడుతుంది. మీ అమ్మాయి ఆ రోజు కసిరింది కూడా అందులో భాగమే కావచ్చు. పొద్దున 6 నుంచీ ఎండలో నిలబడ్డ మనిషి గొంతు ఎవరిదైనా కరుకెక్కుతుంది. పంచే చోట ఒకరిని రెండు గంటలకి మించి ఉంచకండి, తర్వాత వాళ్లని గిన్నెలు కడిగే వైపు మార్చండి. వాలంటీర్లకి ముందు టిఫిన్ పెట్టండి. ఖాళీ కడుపుతో అన్నం పంచితే కోపం రాక ఏమొస్తుంది. అయ్యాక పావుగంట టీ తాగండి, చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు. నిద్ర రెండు వారాలు దాటి ఇలాగే చెడితే 14416కి నువ్వే చెయ్యి. ఆ నంబర్ లైన్లో ఉన్నవాళ్లకే అని రాసి లేదు.

పటమట_పద్మజ · గురువారం రాత్రి 10:00

అందరికీ ఏమని చెప్పను. స్లైడ్లు మానేశాను.

ఇలా అనుకుంటున్నాం. పొద్దున్నే మా వాళ్లందరినీ లైన్లో నిలబెడతాం, నిజంగానే, ఎండలో, ఎంత సేపో చెప్పకుండా. నలభై నిమిషాలు. పేరు, ఊరు, ‘మీరేమిటోళ్లు’ అని అడిగించి (ఈ ప్రశ్న మా వాళ్లలో ఇద్దరికి అలవాటు, మంచితనంగానే అడుగుతారు), ఫోటో తీసి, చివరి పదిమందికి అయిపోయిందని చెబుతాం. ఆ తర్వాత మాట్లాడుకుంటాం.

మధ్యాహ్నం మాటల సాధన. ‘గారు’, ‘మీరు’, ‘అమ్మా’, ‘అయ్యా’ తప్ప వేరే పిలుపు లేదు, పదేళ్ల పిల్లాడికి కూడా ‘బాబూ’. వెనక నుంచి ముట్టుకోకూడదు. రెండోసారి వచ్చినవాళ్లని లైన్లో ఆపకూడదు, టోకెన్ ప్రకారం ఇవ్వాలి. ఇంటి దగ్గర ఇంకెవరైనా ఉన్నారేమో పక్కకి వెళ్లి ఒకరే, మెల్లగా కనుక్కుని, మిగిలితే రెండోది ఇచ్చేయాలి. సరుకుల సంచిలో కూడా మార్పు. స్టేషన్ దగ్గర పడుకునేవాళ్లకి పొయ్యే లేదు, ఇన్నాళ్లూ కందిపప్పు ఇచ్చాం! ఇప్పుడు టేబుల్ మీద పెట్టి, ఏవి కావాలో వాళ్లనే నాలుగు ఎంచుకోమంటాం.

బెజవాడ_బాబాయ్ · గురువారం రాత్రి 10:25

నలభై నిమిషాలు ఎండలోనా, మీవాళ్లలో షుగరున్నోళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందు కనుక్కో. అది కూడా నీ ట్రామాలోకే వస్తుంది.

రెండోది మిగిలితే ఇవ్వడం వరకు ఒప్పుకుంటాను. ముందే లెక్క కట్టి పది పొట్లాలు విడిగా పెట్టుకోండి. లేకపోతే చివర ఉన్నవాడిది ముందు వచ్చినవాడికి వెళ్లిపోతుంది. మస్తాన్ గిన్నె చప్పుడు మళ్లీ మొదలు.

మస్తాన్_మాస్టర్_కొత్తపేట · గురువారం రాత్రి 11:50

పది కాదు, పదిహేను బాబాయ్ గారూ. ట్రైనింగ్ రోజు భోజనం నాది. బస్సెక్కి గిన్నెతో వచ్చేస్తా.

సింగ్‌నగర్_సుజాత · శుక్రవారం ఉదయం 7:15

ఆ తాత మళ్లీ వచ్చాడా పద్మజ గారూ?

పటమట_పద్మజ · ఆదివారం మధ్యాహ్నం 2:30

రాలేదండీ. ఆ అమ్మాయి ఇవాళ పొద్దున స్టేషన్ అంతా, బస్టాండ్ దాకా వెతికింది. కనపడలేదు.

ట్రైనింగ్ వచ్చే ఆదివారం 9 గంటలకి, పటమటలో మా మేడ మీద. ఎండలో నిలబడేది ముప్పై నిమిషాలే, షుగరున్నవాళ్లకి నీడ ఉంది. సుజాత గారూ, మీరు వస్తే టోకెన్ల టేబుల్ దగ్గర కూర్చుంటారా? మాట్లాడక్కర్లేదు.

సింగ్‌నగర్_సుజాత · ఆదివారం సాయంత్రం 4:00

వస్తాను. వర్షం లేకపోతే.

బెజవాడ_బాబాయ్ · ఆదివారం సాయంత్రం 6:20

లైన్లో గొడవపెట్టే ముసలాడి వేషం ఎవరికైనా ఇచ్చారా? ఇవ్వకపోతే నాకివ్వండి. 22 ఏళ్లు ఎదురుగా కూర్చుని చూశాను, రిహార్సల్ అక్కర్లేదు. ఒక స్టూలు మాత్రం సిద్ధంగా ఉంచండి, నన్ను ఎవరు కూర్చోబెడతారో చూస్తా.